బండి మనిషిని తినదు

మా జిల్లాల్లో ఒక మాట ఉంది. అది చెవిన పడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరైనా రోడ్డు మీద ప్రమాదంలో పోతే "బండి మనిషిని తిన్నది" అంటారు. తాగి ఎదురొచ్చిన లారీ డ్రైవరు తినలేదు, గుంతలు పూడ్చని కాంట్రాక్టరు తినలేదు, అరిగిపోయిన టైరు తినలేదు. బండి తిన్నది! ఆ మాట ఒక్కసారి పడితే ఇక ఆ బండిని ఎవరూ ముట్టరు. ఇంటి వెనక కంపలో పడేస్తారు. దాని మీద సొరతీగ పాకుతుంది, సీటులో తేళ్లు కాపురం పెడతాయి. పాత ఇనుము కొనేవాడికి ఇవ్వడానికి కూడా జంకే ఇళ్లు చూశాను. పాపం వాడి పిల్లలకు తగులుతుందట. అదే ఇంట్లో వాళ్లు హెల్మెట్‌ను మాత్రం కోడిపిల్లల మీద బోర్లించి పెడతారు.

నేను ఏరుకొచ్చేది అలాంటి బండ్లనే. అందులోనూ మోపెడ్లు. సైకిలుకు ఇంజను బిగించినట్టుండి, పెట్రోలు అయిపోతే పెడళ్లు తొక్కుకుంటూ ఇల్లు చేరగలిగే పాత బండ్లు. రాష్ట్రం వచ్చిన కొత్తలోనే సైన్సు పంతులు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. అంతకుముందు సెలవు దొరికిందంటే చాలు, ఊరూరా తిరిగి బాణామతి లేదని, చేతబడి లేదని సభల్లో వాదించేవాడిని. నిప్పుల మీద నడిచి చూపించేవాడిని. రిటైరయ్యాక గొంతు కొంచెం తగ్గింది, చేతులు ఖాళీ అయ్యాయి. నల్లగొండలో మా ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని ఈ పని మొదలుపెట్టాను.

ట్యాంకులో గులకరాళ్లు, కిరసనాయిలు పోసి ఊపితే తుప్పు రాలుతుంది. సైలెన్సరును పిడకల మంటలో కాలిస్తే ఏళ్లనాటి మసి పెంకులు పెంకులుగా ఊడుతుంది. చింతపండు నీళ్లతో రుద్దితే హ్యాండిలు తళతళలాడుతుంది. ఇంజను విప్పి చూస్తే ప్రతి రోగానికీ ఒక కారణం కనిపిస్తుంది. మనుషులతో వాదించీ వాదించీ విసిగిపోయిన నాకు ఇది గొప్ప ఊరట. ఇనుము అబద్ధమాడదు, పూనకం తెచ్చుకోదు.

మా ఇంటామెకు మాత్రం ఈ పని ఎన్నడూ నచ్చలేదు.

"మనుషులను తిన్న బండ్లన్ని ఏరి ఏరి మన ఇంటికే తెస్తున్నవు. రేపు వాటికి ఆకలైతె ఇక్కడ మిగిలింది మనమిద్దరమే."

"నన్ను తినాలంటె దానికి గట్టి పండ్లు కావాలె."

"నీ నోటిని జూసి అదే భయపడ్తది గని, ముందు గా చేతులు కడుక్కొని రా. అన్నమంత కిరసనాయిలు వాసన."

ఈ బండ్ల కోసం హైదరాబాదు నుంచి కూడా మనుషులు వస్తారు. వాళ్లకు వీటిని నడపాలని ఉండదు. కొత్త హోటళ్ల గోడలకు, కాఫీ దుకాణాల కప్పులకు వేలాడదీస్తారట. రంగులు వేసి, దీపాలు పెట్టి, కింద కూర్చుని ఫొటోలు దిగుతారట. అడిగినవాళ్లను అడిగినట్టే తిట్టి పంపాను. ఈ బండి అలంకారమా? పాల క్యాన్లు మోసింది, గడ్డిమోపులు మోసింది, ముందర మేకపిల్లను, వెనక నిండు గర్భిణిని కూర్చోబెట్టుకుని దవాఖానకు పరుగెత్తింది. మా బాపు కూలి మనిషి. సైకిలు మీద పోతుంటే పెద్దింటి ముందు దిగి, నడిపించుకుంటూ పోయి, మలుపు తిరిగాకే మళ్లీ ఎక్కేవాడు. అది ఊరి కట్టుబాటు. తర్వాత ఒక ముసలి మోపెడు కొన్నాడు. దాన్ని ఆపితే మళ్లీ లేవదు. మొదటిరోజు పెద్దింటి అరుగు మీద నుంచి కేక వచ్చింది. మా బాపు ఆగలేదు. "దిగితె బండి సస్తది దొరా! మళ్ల లేవది!" అని అరుచుకుంటూ పొగ వదులుతూ వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి మా వాడలో ఎవరూ అక్కడ దిగలేదు. నా దృష్టిలో మోపెడు అంటే అది. దాన్ని గోడకు కొట్టేవాణ్ణి చూస్తే నాకు కోపం రాకుండా ఎట్లా ఉంటుంది?

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు ఒకనాడు కల్వకుర్తిలో చాయ్ దుకాణం ముందు నా బండి ఆపి కూర్చున్నాను. గొర్రెల సంతకు వచ్చిన ఒక పెద్దాయన, భుజాన నల్ల గొంగడి, బండిని చూసి ఆగి, వెంటనే ముఖం అటు తిప్పుకున్నాడు.

"ఏందే పెద్దాయనా, బండి నచ్చలేదా?"

"గిసుంటిదే మా కొడుకును తిన్నది సారు. మా ఇంటెనుక కంపల పడున్నది. ఊరికెనె తీస్కపో. మళ్ల మా ఊరి దిక్కు మాత్రం తేకు."

ఆ సాయంత్రమే వాళ్ల ఊరికి వెళ్లాను. డిండి వైపు, గుట్టల నడుమ, ఆముదపు చేల మధ్య ఉన్న చిన్న ఊరు. గొర్రెలు కాసుకునే కుటుంబం. అరుగు మీద పెద్దాయన భార్య నల్ల ఉన్ని పేనుతూ కూర్చుని ఉంది. కొడుకు పోయి ఏడాది దాటిందని, గుట్ట దిగుడులో బండి ఆగక కల్వర్టు గోడకు గుద్దుకున్నాడని పెద్దాయన చెప్పాడు. నేను కంప తొలగించి, తీగలు తెంపి బండిని బయటికి లాగుతుండగా వాళ్ల కోడలు వచ్చింది. నెత్తి మీద పాల క్యాను. ఇంటికి వచ్చేటప్పుడు ఆ క్యాను ఖాళీగా ఉండాలి. కాని ఆమె మెడ బరువుకు వంగి ఉంది. రోడ్డు మీద ఉన్న పాల కేంద్రానికి నడిచిపోయేసరికి పాలు విరిగిపోయాయట, వాపసు పంపారట. ఎండలు మొదలైన దగ్గర నుంచి ఇదే వరుసట. మగడు ఉన్నప్పుడు రెండు పూటలా బండి మీద వేసి వచ్చేవాడు. గొర్రెలు ఒక్కొక్కటే సంతకు పోయి, ఇప్పుడు రెండు బర్రెలే ఆ ఇంటికి ఆధారం.

క్యాను దించి ఆమె నా దగ్గరికి వచ్చింది.

"బండి ఏడికి తీస్కపోతున్నవు సారు?"

"బాగుజేస్త బిడ్డా."

"నడుస్తదా?"

"ఎందుకు నడవది? నడిపిస్త."

"నడిపిచ్చి ఏం జేస్తవు?"

"మా షెడ్డుల పెట్టుకుంట."

"నడిచే బండిని షెడ్డుల పెట్టుకునుడేంది సారు? నాకియ్యి. మా అవ్వగారింటికాడ నేర్సుకున్న. నాకు నడుపొస్తది."

అరుగు మీది ముసలామె చేతిలో కదురు ఆగిపోయింది.

"నువ్వు వెనక కూసున్న పుణ్యానికే నా కొడుకు పాయె. ఇగ నువ్వే ఎక్కి ఊరేగుతవా? ముండమోసినదానికి బండి గావాల్నా?"

"పాలు విరుగుతున్నయత్తమ్మ. బర్రెలనన్న అమ్ము, బండినన్న ఇయ్యి."

ఆ ఊరికి దగ్గరలో దిష్టి, గడియ చూసి చెప్పే ఆయన ఒకడు ఉన్నాడట. కొడుకు పోయాక వీళ్లు పోయి అడిగితే, తప్పు కోడలి పాదానిదని తేల్చాడట. బండి కొన్నప్పుడు మొదట వెనక కూర్చున్నది ఆమె. అందుకే అది మనిషిని పట్టిందట. ఊరు ఊరంతా ఆ మాటనే పట్టుకుంది. ఆమె ఎదురొస్తే మనుషులు వెనక్కి తిరుగుతున్నారు. చదువుకున్నవాళ్లు కూడా. చేతిలో సెల్‌ఫోను పట్టుకుని, గ్రహాలకు రాకెట్లు పోయిన వార్త చదువుతూనే వెనక్కి తిరుగుతున్నారు.

అక్కడికక్కడే వాదనకు దిగాను. పాదానికి, బ్రేకుకు ఏం సంబంధమని అడిగాను. పెద్దాయన తల వంచుకుని విన్నాడు. చివరికి ఒక్క మాట అన్నాడు.

"నువ్వు సదువుకున్నోనివి సారు. గా బండి ఎందుకు ఆగలేదో చెప్పు. నువ్వు జెప్తె, కోడలికే ఇస్త."

ఇంతకంటే న్యాయమైన షరతు నాకు ఏ సభలోనూ ఎదురు కాలేదు. బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని నల్లగొండకు తెచ్చాను.

మిగతావన్నీ పక్కనపెట్టి ముందు బ్రేకులు చూశాను. వెనక బ్రేకు పూర్తిగా అరిగిపోయి ఉంది. అందులో వింతేమీ లేదు, మన పల్లెల్లో సగం బండ్లకు వెనక బ్రేకు పేరుకే ఉంటుంది. అతను బతికినన్నాళ్లు ముందు బ్రేకు మీదే నడిపాడు. ముందు చక్రం దగ్గర బ్రేకు తీగ చివర ఒక చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. మనం హ్యాండిలు దగ్గర నొక్కితే తీగ ఆ చేతిని లాగాలి, చెయ్యి కదిలితేనే చక్రం ఆగాలి. ఆ చెయ్యి కదలడం లేదు. దాని సందులో నల్లటి గడ్డ ఏదో ఇరుక్కుని ఉంది. మట్టేమో అనుకుని స్క్రూడ్రైవరుతో పొడిచాను. రాలలేదు. కిరసనాయిలులో నానబెట్టి విప్పితే పోగులు పోగులుగా వచ్చింది. నల్ల గొర్రె ఉన్ని. ఇరుసుకు చుట్టిన తాడు వానకు తడిసి, బురద పట్టి, చక్రం తిరిగినకొద్దీ బిగుసుకుని, బ్రేకు చేతి సందులోకి పాకి రాయిలా గట్టిపడింది. అతను దిగుడులో ప్రాణభయంతో ఎంత గట్టిగా నొక్కి ఉంటాడో! తీగ తెగిపోయింది కాని చెయ్యి కదలలేదు.

కోడలికి ఫోను చేశాను.

"ముందు చక్రానికి ఏమన్న కట్టిన్రా బిడ్డా?"

"అత్త కట్టింది సారు. బండి కొన్ననాడు గాయనే జెప్పిండు, చూసి చెప్పేటాయన. నల్ల గొర్రె ఉన్ని కన్నతల్లి చేత్తోని పేని ఇరుసుకు కట్టాలె, దిష్టి తగలది అన్నడు. ఎందుకడుగుతున్నవు?"

చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అవతల బర్రె అరుపు వినిపించింది.

"సారు, అత్తకు చెప్పకు."

"మరి నీ మీద పడ్డ మాట?"

"నా మీద పడ్డది పడ్డది. మోస్తున్న. గామె మొయ్యలేదు. బ్రేకు తీగ పాతది, తెగిందని చెప్పు సాలు."

ఫోను పెట్టేశాక షెడ్డులో అటూ ఇటూ తిరిగాను. నా కోపానికి అంతు లేదు. చూడండి ఎంత చక్కటి ఏర్పాటో! సలహా ఇచ్చినవాడు ఒకడు. ఆ సలహా మనిషి ప్రాణం తీసింది. తీశాక ఆ నేరాన్ని పంచుకోవలసింది మాత్రం ఇద్దరు ఆడవాళ్లు. నిజం దాస్తే కోడలు దోషి, నిజం చెప్తే తల్లి దోషి. వాడు మాత్రం అరుగు మీద దర్జాగా కూర్చుని రేపు ఇంకొకడి ఇరుసుకు తాడు కట్టిస్తాడు. మూఢనమ్మకం వల్ల ఎవరికి నష్టం, ఎవరి నమ్మకం వాళ్లది అని నీతులు చెప్పే పెద్దమనుషులు సభకు ఒకరు తగిలేవారు నాకు. వాళ్లందర్నీ పట్టుకొచ్చి ఆ ఉన్ని గడ్డ ముందు కూర్చోబెట్టాలనిపించింది.

బండిని బాగుచేశాను. రెండు బ్రేకులకు కొత్త తీగలు, కొత్త షూలు, చక్రాలకు కొత్త టైర్లు. పిస్టను రింగులు మార్చాను. వెనక పాల క్యాన్లకు రెండు వైపులా ఇనుప చట్రాలు కట్టించాను. రంగు మాత్రం వెయ్యలేదు. అది చూపుకు కాదు, పనికి.

బండి మీదే ఆ ఊరికి వెళ్లాను. కోడలు వాకిట్లో చీర కుచ్చెళ్లు దోపి నిలబడి ఉంది. పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఎందుకు ఆగలేదంటవు సారు?"

కోడలు నా వైపే చూస్తోంది. "బ్రేకు తీగ తెగింది పెద్దాయనా. పాదం గీదం ఏం లేదు," అన్నాను. అది అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజాలు చెప్పేవాళ్లను జీవితమంతా ఎండగట్టిన నోటితో ఆ సగమే చెప్పి నిలబడ్డాను. పెద్దాయన తల ఊపాడు. "సరే, ఇచ్చిన మాట ఇచ్చిన. ఎక్కు బిడ్డా," అన్నాడు.

అప్పుడు ముసలామె లోపలి నుంచి వచ్చింది. కోడలిని తిట్టలేదు. నెమ్మదిగా వచ్చి ముందు చక్రం పక్కన గొంతుకూర్చుంది. కొంగు ముడి విప్పి కొత్తగా పేనిన నల్ల తాడు తీసింది.

"ఏం జేస్తున్నవవ్వా?"

"పాతది కంపల పడి పాడై ఉంటది గద సారు. ఇప్పుడు ఎక్కేది గూడ మా ఇంటి ఆడిదే గదా. దీన్ని గూడ పోగొట్టుకుంటనా?"

అంత కోపం పెట్టుకున్న కోడలి కోసం ఆమె ఎన్ని రోజులుగా పేనిందో ఆ తాడు. కోడలు వెయ్యబోయిన అడుగు ఆగిపోయింది. ఆ చేతులు ఇరుసును వెతుక్కుంటున్నాయి. ఇక ఏ సగంతో సరిపెట్టను? నేను వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అవ్వా, ఇక్కడ కట్టకు. బ్రేకుల ఇరుకుతది. మొదటిది గూడ గట్లనే ఇరికింది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తాడును, తన చేతిని చూసుకుంది.

"నేను గట్టిందా సారు? నేను గట్టినందుకేనా?"

"నువ్వు కాదవ్వా. కట్టమన్న నోరు చంపింది. నీ చెయ్యి కాదు."

ఆ మాట ఆమె వినలేదు. లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపల నుంచి ఏడుపు. పెద్దాయన నా మీదికి వచ్చాడు.

"బండి తెచ్చినవా, ఇంట్ల అగ్గి పెట్టనీకొచ్చినవా? ముసల్ది సస్తె నీకు సంబురమా?"

కోడలు కూడా ఊరుకోలేదు. "చెప్పొద్దన్న గద సారు," అంది. ఆమె కళ్లలో కోపం ఉంది, అది న్యాయమైన కోపమే. "మరి కట్టనిద్దునా?" అన్నాను. ఆమె అత్త వేసుకున్న తలుపు దగ్గరికి వెళ్లిపోయింది. బండిని అక్కడే వదిలి, రోడ్డు దాకా నడిచాను.

బస్సు ఎక్కి ఇంటికి పోలేదు. నేరుగా ఆ చూసి చెప్పే ఆయన దగ్గరికి పోయాను. రేకుల పందిరి కింద జనం బారులు తీరి ఉన్నారు. పక్కనే ఆయన కారు, కారుకు నిమ్మకాయలు. ఆయనకు చూపించాలనే సంచిలో వేసుకొచ్చిన ఉన్ని గడ్డను తీసి ఆయన పీట మీద పెట్టాను. "గిది నువ్వు కట్టమన్న తాడు. గిది ఒక మనిషిని చంపింది," అన్నాను. ఆయన తొణకలేదు, బెణకలేదు. గడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, "కట్టిన గడియ మంచిది కాదు," అన్నాడు. అంతే! నేను గొంతు చించుకుని అరిచాను. ఆ తాడు ఎక్కడ ఇరికిందో, బ్రేకు ఎట్లా పనిచేస్తుందో జనానికి వివరించబోయాను. వెనక నుంచి ఒక ఆడమనిషి నా భుజం తట్టింది.

"సారూ, జర పక్కకు జరుగు. పొద్దటిసంది నిలబడ్డం, మా వంతు పోతది."

అక్కడ ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నా వైపు నిలబడలేదు. బయట నిలిపిన బండ్లలో చాలావాటి ఇరుసులకు నల్ల తాళ్లు ఉన్నాయి. ఇద్దరు ముగ్గురికి చూపించి తీసెయ్యమన్నాను. ఒకతను "నీకేం దెలుసు?" అని నన్ను నెట్టేశాడు.

పెద్దాయన ఇంటి నుంచి చాలా రోజులు ఏ కబురూ లేదు. బండి మళ్లీ కంపలో పడి ఉంటుందనే అనుకున్నాను. నిజం చెప్పి ఒక ముసలి తల్లిని కూల్చాను, కోడలికి బండీ దక్కలేదు అనుకున్నాను. "నోరు ఊకుంటె కదా," అంది మా ఇంటామె. అని, ఆ మాట అన్నందుకు తనే బాధపడి, ఆ రాత్రి నాతో పాటు అన్నం తినలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఫోను వచ్చింది. కోడలు.

"సారు, ముందు బ్రేకు తీగ ఇంకొకటి ఉన్నదా నీకాడ?"

"ఏమైంది? తెగిందా?"

"తెగలే. జర సాగింది. ఆపనీకి ఆగుతది. కని అత్త పోనిస్తలేదు."

"అత్తనా?"

"పొద్దున లేస్తె ముందు గామెనె బండి కాడికి వస్తది సారు. నాతోని మాట లేదు, ముచ్చట లేదు. బ్రేకు పట్టుకొని బండిని ముందటికి నూకుతది. కదిలిందా, తాళంచెవి ఇయ్యది. నిన్న జర కదిలింది. చెవి తీసి రొండిల దోపుకున్నది. గీ రెండు పూటల పాలు మళ్ల నెత్తి మీదనే మోసిన. సగం విరిగినయి."

నాకు నవ్వు రాలేదు. ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. ఆమె మాత్రం చిరాకుగానే ఉంది. అవతల నుంచి ముసలామె గొంతు వినిపించింది, ఎవరితోనో, బహుశా బర్రెతోనో గట్టిగా మాట్లాడుతోంది.

"ఏమంటున్నది అవ్వ?"

"నీకే చెప్తున్నది. తీగ పాతది తేవద్దట, కొత్తదె తేవాల్నట. వచ్చి బిగిచ్చినంక తనే నూకి చూస్తదట. జర జల్ది రా సారు, సాయంత్రం పాలు పిండే యాళ్లకన్న."

షెడ్డులో కొత్త తీగ ఉంది. పానాలు సంచిలో వేసుకున్నాను. ఆ దిక్కు పోయే దేవరకొండ బస్సుకు ఇంకా టైము ఉంది కాని ఆగలేకపోయాను. షెడ్డులో ముందు ఏ బండి చేతికి అందితే దాన్నే తీసి, పెడలు తొక్కాను.